పాల్ న్యూమన్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈశాన్య దిక్కున కనెక్టికట్ అను చిన్న రాష్ట్రము కలదు. అందలి ఆష్‌ఫర్డు గ్రామము చెంత, అడవుల నడుమ, నీటి ఒడ్డున ఒక వింత పల్లె కానవచ్చును. కొయ్యతో కట్టిన ఇండ్లు, గుఱ్ఱపుసాలలు, వీథివైపు తెఱచియున్న వసారాలు చూచినవారికి నూరేండ్ల క్రిందటి పడమటి అమెరికా ఊరు జ్ఞప్తికి వచ్చును. ఆ ఊళ్లలో దారిదోపిడికాండ్రు గుఱ్ఱములపై తిరుగుచుండెడివారు. ఈ పల్లె పేరును అట్టిదే. దానిని గోడకన్నపు ముఠా శిబిరమందురు. కాని ఇందు దొంగలెవ్వరును లేరు. ప్రతి వేసవియందును ఇక్కడకు వచ్చువారు క్యాన్సరు మొదలగు ఘోరవ్యాధులతో పోరాడుచున్న బాలబాలికలు. వారి తల్లిదండ్రులనుండి భోజనమునకు గాని, వసతికి గాని, వైద్యమునకు గాని ఒక్క కాసైనను తీసికొనరు. దీనిని స్థాపించినవాడు వైద్యుడు కాడు, మతాచార్యుడు కాడు, పుట్టుకతో కోటీశ్వరుడును కాడు. అతడొక సినిమా నటుడు.

పాల్ న్యూమన్ 1925వ సంవత్సరము జనవరి 26వ తేదీన ఒహాయో రాష్ట్రమునందలి క్లీవ్‌లాండు నగరము చెంత జన్మించెను. తండ్రి ఆర్థర్ న్యూమన్ ఆటవస్తువులు అమ్ము అంగడి నడుపుచుండెను. తల్లి తెరీసాకు నాటకములనిన మిక్కిలి ప్రీతి. పాల్ ఏడవయేట పాఠశాలలో రాబిన్ హుడ్ నాటకము ఆడినప్పుడు రాజాస్థానములోని విదూషకుని వేషము ధరించెను. ధనికులను దోచి పేదలకు పెట్టిన దొంగ కథతో ఆ బాలుని రంగప్రవేశము జరుగుట విచిత్రమే. దొంగల పేరు అతనిని కడవఱకును విడువలేదు.

అతనికి పదునెనిమిదేండ్లు వచ్చునప్పటికి రెండవ ప్రపంచ యుద్ధము జరుగుచుండెను. 1943లో అతడు నౌకాదళమున చేరెను. విమానము నడపవలెనని అతని కోరిక. కాని వైద్యులు పరీక్షించి, రంగులను వేరుపఱచి గుర్తించు శక్తి అతనికి లోపించినదని తేల్చిరి. తరువాతి కాలమున కోట్లకొలది ప్రేక్షకులు ఏ నీలికన్నులను చూచి మురిసిరో ఆ కన్నులకే ఈ లోపము! చేయునది లేక అతడు విమానములలో రేడియో యంత్రము చూచుకొనుచు, వెనుకభాగమున కూర్చుండి తుపాకి పేల్చు పనిని నేర్చుకొని, పసిఫిక్ మహాసముద్ర యుద్ధరంగమునకు పోయెను. 1945లో ఒకినావా పోరాటమునకు ముందు అతని దళము బంకర్ హిల్ అను విమానవాహక నౌకకు పోవలసియుండెను. అతని విమానమును నడపువానికి చెవిలో జబ్బు చేయుటచే ఆ ఒక్క విమానము మాత్రము వెనుక నిలిచిపోయెను. ముందు పోయిన సహచరులు నౌకపై జరిగిన దాడిలో మరణించిరని న్యూమన్ జీవితచరిత్రకారులు వ్రాసిరి. ఒకని చెవిపోటు మరియొకని ప్రాణమును నిలిపెను. తన జీవితమున ప్రజ్ఞకంటె అదృష్టమునకే పెద్దపీట యని ఆయన తరువాత పలుమారులు చెప్పుకొనుచుండెడివాడు.

యుద్ధానంతరము అతడు ఒహాయోలోని కెన్యన్ కళాశాలలో చేరెను. అక్కడ అతడు ఆదర్శ విద్యార్థి యని చెప్పుటకు వీలులేదు. ఫుట్‌బాల్ జట్టులో ఆడుచు, ఊరిలో జరిగిన ఒక కొట్లాటలో చిక్కుకొని, జట్టునుండి తొలగింపబడెను. సాయంకాలములు ఊరక గడుపలేక నాటకములవైపు మరలెను. 1949లో పట్టము పుచ్చుకొనెను. కుమారుడు అంగడి చూచుకొనక నాటకములవెంట తిరుగుట తండ్రికి నచ్చలేదు. 1950లో తండ్రి మరణించెను. పాల్ ఇంటికి వచ్చి కొంతకాలము అంగడిలో కూర్చుండెను గాని మనసు నిలువలేదు. భార్యాబిడ్డలతో యేల్ విశ్వవిద్యాలయమునకు పోయి నాటకశాస్త్రము చదువ మొదలిడెను. ఆ రోజులలో ఇంటింటికిని తిరిగి విజ్ఞానసర్వస్వములను అమ్మి కుటుంబమును పోషించుకొనెను. తాను వృద్ధిలోనికి వచ్చుట తండ్రి చూడలేదను విచారము ఆయనకు ముసలితనము వఱకును ఉండెను.

న్యూయార్కు నగరమున 1953లో ఒక నాటకమున వేషము లభించెను. మరుసటి యేట తొలి సినిమా వచ్చెను. అది ఎంత పేలవముగ నుండెననగా, కొన్నేండ్ల తరువాత దానిని టెలివిజనులో చూపనున్నారని తెలిసి, న్యూమన్ తన సొంత సొమ్ముతో పత్రికలలో ప్రకటన వేయించి ప్రేక్షకులను క్షమాపణ కోరెను. ఫలితము విపరీతమయ్యెను. ఆ ప్రకటన చూచినవారందరును కుతూహలముతో ఆ సినిమానే చూచిరి. 1956లో ఒక మల్లయోధుని పాత్ర, అనగా ముష్టియుద్ధము చేయువాని పాత్ర, ఆయనకు గొప్ప పేరు తెచ్చెను. ఆ పాత్ర మొదట జేమ్స్ డీన్ అను యువనటునికి నిర్ణయింపబడినది. డీన్ 1955లో కారు ప్రమాదమున మరణింపగా అది న్యూమనుకు దక్కెను. ఇచ్చటను అదృష్టమే, అదియు మరియొకని దురదృష్టముతో ముడివడియున్న అదృష్టము.

1958లో ఆయన జోవన్ వుడ్‌వర్డ్ అను నటీమణిని వివాహమాడెను. ఆ దంపతులు సినిమా నగరమైన హాలీవుడ్డును విడిచి, మూడువేల మైళ్ల దూరముననున్న కనెక్టికట్‌లోని వెస్ట్‌పోర్టు పట్టణమున కాపురముండిరి. ఆయన నటించిన సినిమాలను ఇచ్చట వరుసగా చెప్పనక్కరలేదు. 1969లో వచ్చిన ఒక్కదానిని మాత్రము గుర్తుంచుకొనవలెను. అందు ఆయన బచ్ కాసిడీ అను గజదొంగ పాత్రను ధరించెను. బచ్ కాసిడీ కల్పితుడు కాడు. వయోమింగ్ రాష్ట్రపు కొండలలో గోడకన్నము అను పేరుగల ఇరుకు కనుమ కలదు. రాజభటులు వెన్నాడినప్పుడు అతని ముఠా ఆ కనుమలో దాగికొనెడిది. అక్కడకు చేరినవానిని పట్టుట ఎవ్వరికిని సాధ్యము కాకుండెను. న్యూమనుకు ఉత్తమ నటునిగా ఆస్కార్ బహుమానము వచ్చునప్పటికి 1987వ సంవత్సరమయ్యెను. అప్పటికాయనకు అఱువదిరెండేండ్లు. నడుమ కార్ల పందెములు నేర్చి, 1979లో ఫ్రాన్సు దేశపు లే మాన్స్ పందెమున రెండవ స్థానము పొందిన జట్టులో నుండెను. డెబ్బదవయేట కూడ అమెరికాలో ఇరువదినాలుగు గంటల పందెమున తన తరగతిలో గెలిచిన జట్టున కారు నడిపెను.

పేరుప్రతిష్ఠలు ఇంతగా వచ్చినను ఆయనకు అవి కొంత బరువుగనే తోచెను. తన కన్నుల అందమును ఎవరైన పొగడినచో విసుగుకొనెడివాడు. అడిగినవారికి చేవ్రాలు చేసి యిచ్చుట మానివేసెను. ఇంటిలోనైనను అంతయు సుఖమే యని చెప్పరాదు. మొదటి భార్యవలన పుట్టిన ఏకైక పుత్రుడు స్కాట్ 1978 నవంబరులో మత్తుపదార్థముల వలన ఇరువదియెనిమిదవయేట మరణించెను. లోకమున ఎవ్వరికిని లేని కీర్తి యుండియు తండ్రి కుమారుని కాపాడుకొనలేకపోయెను. ఆ శోకమును గూర్చి న్యూమన్ నలుగురిలో మాటాడుట మిక్కిలి అరుదు. 1980లో మత్తుపదార్థముల కీడును బాలురకు బోధించుటకై కుమారుని పేర ఒక సంస్థను నెలకొల్పెను.

ఆ 1980వ సంవత్సరము చివరనే ఒక చిన్న వేడుక జరిగెను. దానివలననే తరువాతి కథ యంతయు నడచినది. అమెరికావారు పచ్చి ఆకుకూరలను, కాయగూర ముక్కలను కలిపి తినునపుడు వానిపై నూనె, పులుపు కలిసిన రసమును పోసికొందురు. తెలుగువారు కూరకు ఆవ పెట్టినట్లు, వారును దానిలో ఆవముద్ద కలుపుదురు. భోజనశాలలలో తెచ్చి పెట్టు రసము న్యూమనుకు నచ్చెడిది కాదు. నూనె, వినిగరు, ఆవ తెప్పించుకొని బల్లమీదనే తన రసమును తాను కలిపికొనెడివాడు. క్రిస్మస్ పండుగకు ఇరుగుపొరుగువారికి కానుకగా నిచ్చుటకై ఆయనయు, మిత్రుడైన రచయిత ఏ. ఈ. హాచ్‌నర్ యు ఇంటి క్రిందిగదిలో ఒక పెద్ద తొట్టినిండ ఈ రసమును తయారుచేసిరి. కలుపుటకు గరిటె చాలక పడవ తెడ్డు తెచ్చి త్రిప్పిరి. పాత సీసాలు కడిగి వానిలో నింపి పంచిరి. పుచ్చుకొన్నవారు మఱల మఱల అడుగసాగిరి.

దీనిని అమ్మిన నెట్లుండునని మిత్రులిద్దరికిని తోచెను. వ్యాపారపండితులను అడుగగా మొదటి యేట పెద్ద నష్టము తప్పదని హెచ్చరించిరి. ఇద్దరును ఆ సలహాను ప్రక్కకు పెట్టి, స్వల్పమైన పెట్టుబడితో 1982లో వ్యాపారము ప్రారంభించిరి. కార్యాలయమునకు సామాను కొనుట దండుగయని న్యూమన్ ఇంటి ఈతకొలను ఒడ్డునున్న కుర్చీలను, గొడుగుబల్లను తెచ్చి వేసిరి. సీసాపై న్యూమన్ ముఖచిత్రము ముద్రింపవలెనని అంగడివారు పట్టుపట్టిరి. ముఖమును దాచుకొని తిరుగు మనిషికి ఇది రుచించునా? తన ముఖము చూపి సొమ్ము చేసికొని తానే అనుభవించుట సిగ్గుమాలిన పని యని ఆయనకు తోచెను. కావున ఆయన ఒక నియమము చేసికొనెను. పన్నులు, ఖర్చులు పోగా మిగిలిన లాభమంతయు ధర్మకార్యములకే పోవలెను, ఒక్క డాలరైనను తనకు రాకూడదు. ఆ నియమముతోనే ముఖచిత్రము సీసాకెక్కెను. మొదటి సంవత్సరముననే లక్షలకొలది డాలర్ల లాభము వచ్చెను, అంతయు దానమయ్యెను. క్రమముగా పచ్చళ్లవంటి ఇతర వస్తువులును, మొక్కజొన్న పేలాలును, నిమ్మరసమును అదే పేరుతో అంగళ్లకు వచ్చెను.

సొమ్ము వచ్చుచున్నది, పంచుచున్నారు. ఐనను సంవత్సరము చివర చెక్కులు వ్రాసి పంపుటతో న్యూమనుకు తృప్తి కలుగలేదు. తన కంటితో చూచుటకు, తన చేతితో తాకుటకు వీలగు పని యేదైన ఉండవలెనని ఆయన తలపు. 1986 ప్రాంతమున ఆ తలపు రూపుకట్టెను. క్యాన్సరు సోకిన పిల్లలకొఱకు వేసవి శిబిరము నిర్మింపవలెను!

ఈ తలపు అంతకు నలువదేండ్లకు ముందు ఎవరికైన వచ్చియుండినచో వ్యర్థమైయుండును. రక్తక్యాన్సరు సోకిన బిడ్డ ఆ కాలమున కొన్ని వారములో, కొన్ని నెలలో మాత్రమే జీవించెడిది. 1947 చివరను, 1948లోను బోస్టన్ నగరపు వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ అను మందును అట్టి పిల్లలకిచ్చి, వ్యాధి తాత్కాలికముగనైనను వెనుకకు తగ్గునని తొలిసారిగా నిరూపించెను. ఆ మందును తయారుచేసి యిచ్చినది న్యూయార్కు రాష్ట్రమునందలి లెడర్లీ పరిశోధనాలయము. ఆ పరిశోధనలకు నాయకుడు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లోనే ఆయన పరదేశమున మరణించెను. తన మందునకు వారసులుగా వచ్చిన మందులు పిల్లలను ఏండ్ల తరబడి బ్రతికించుట ఆయన చూడలేదు. 1980 దశకము వచ్చునప్పటికి రక్తక్యాన్సరు సోకిన పిల్లలలో సగముకంటె ఎక్కువమంది జీవించుచుండిరి.

జీవించుచుండిరి సరే, ఎట్లు? రెండు మూడు సంవత్సరములు మందులు, సూదులు, ఆసుపత్రి పడకలు. మందుల తీవ్రతకు జుట్టు రాలిపోవును, వాంతులు కలుగును. బడికి పోయిన తోటిపిల్లలు వింతగా చూతురు. పరుగెత్తవద్దు, నీటిలో దిగవద్దు, గుంపులోనికి పోవద్దని పెద్దలు భయముతో అడ్డగింతురు. వ్యాధి ప్రాణమును విడిచిపెట్టినను బాల్యమును ఎత్తుకొనిపోవుచుండెను. ఈ కొఱతను మొదట గుర్తించినవాడు న్యూమన్ కాడు. 1970 దశకమునుండియే అమెరికాలో క్యాన్సరు పిల్లలకు కొన్ని శిబిరములు జరుగుచుండెను. అవి పెక్కు ఇతరుల స్థలములను అద్దెకు తీసికొని నడుపబడెడివి. న్యూమన్ ఈ పిల్లల కొఱకే, మొదటి గుంజనుండియు వారి అవసరము నెఱిగి కట్టిన ఊరు కావలెననెను. ఆసుపత్రివలె కనబడరాదు, కాని ఆసుపత్రి చేయగల పని చేయవలెను.

ఆష్‌ఫర్డు చెంత 300 ఎకరములకు పైబడిన అడవి సంపాదింపబడెను. యేల్ విశ్వవిద్యాలయమున వాస్తుశిల్ప శాఖకు అధిపతియైన థామస్ బీబీ పల్లెకు రూపకల్పన చేసెను. పేరు నిర్ణయించినది మాత్రము న్యూమనే. రాజభటులకు చిక్కక బచ్ కాసిడీ ముఠా గోడకన్నమున దాగినట్లు, ఈ పిల్లలు తమను వెన్నాడు వ్యాధికి చిక్కక కొన్ని దినములు ఇచ్చట దాగియుండవలెను. దాగియుండుట యనగా మూల కూర్చుండుట కాదు, మనసారా అల్లరి చేయుట.

ఖర్చు అంచనాను మించిపోయెను. ఐనను ఎదురుచూడని దిక్కులనుండి సాయము వచ్చెను. ఈతకొలనులు నిర్మించు వృత్తివారు ప్రతిఫలము గోరక కొలను త్రవ్వి యిచ్చిరి. సౌదీ అరేబియా యువకుడొకడు తానును రక్తవ్యాధితో బాధపడువాడు. అతడు ఈ సంగతి విని తన రాజునకు విన్నవింపగా, రాజు 50 లక్షల డాలర్లు పంపెను. పేరులేని బీదలు పంపిన చిన్న మొత్తములును తక్కువవి కావు.

అన్నిటికంటె కష్టమైనది ధనము కాదు, తల్లిదండ్రుల నమ్మకము. కొన్నేండ్లుగా రాత్రులు మేలుకొని కాచిన బిడ్డను అడవిలోనికి, కన్నెఱుగని మనుష్యుల చేతికి ఏ తల్లి పంపును? జ్వరము వచ్చినచో? రక్తము కాఱినచో? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పినవాడు డాక్టర్ హోవర్డ్ పియర్సన్. ఆయన యేల్ విశ్వవిద్యాలయమున పిల్లల రక్తవ్యాధుల చికిత్సలో నిపుణుడు. శిబిరమునకు ప్రధాన వైద్యుడై, రేయింబవళ్లు వైద్యులు, దాదులు ఉండునట్లును, సిరలోనికి ఎక్కింపవలసిన మందులను అక్కడనే ఇచ్చునట్లును ఏర్పాటు చేసెను. ఆ వైద్యశాలకును పడమటి కథలలోని గుఱ్ఱపుదొడ్డి పేరే పెట్టిరి. పిల్లవాడు గుఱ్ఱమెక్కి వచ్చి, మందు పుచ్చుకొని, మఱల ఆటకు పోవచ్చును. క్యాన్సరే గాక ఇతర రక్తవ్యాధులు గల పిల్లలకును చోటుండవలెనని నిర్ణయమైనది. అందువలన కొడవలికణముల వ్యాధి గల నీగ్రోజాతి సంతతి పిల్లలును పెక్కుమంది వచ్చిరి. తెలుగుదేశపు మన్యసీమ గిరిజనులలోను కనబడు వ్యాధియే యిది.

1988 వేసవిలో శిబిరము తెఱవబడెను. ఏడేండ్లనుండి పదునైదేండ్ల వఱకు వయసుగల పిల్లలు కొలదిమంది చొప్పున జట్టులై వచ్చిరి. మొదటి దినమున పెక్కుమంది తలలపై టోపీలుండెడివి, ఎండ వేడిమికిని తీయరు. ప్రక్కవానికిని జుట్టు లేదని, ఎదుటి పిల్లకు కొయ్యకాలు కలదని గ్రహించిన పిమ్మట ఒకటి రెండు దినములలో టోపీలు మూలపడెడివి. అక్కడ ఎవరును వారిని జాలితో చూడరు, రోగమెట్లు వచ్చెనని అడుగరు. చక్రముల కుర్చీలో కూర్చుండినవానికి గుఱ్ఱపు సవారి, ఎన్నడును నీటిలో దిగనివానికి వెచ్చని కొలనులో ఈత, చేపల వేట, పడవలు, రాత్రివేళ మంటచుట్టును పాటలు, నాటకశాలలో వేషములు. చేయలేవు అను మాటను వినివిని విసిగిన పిల్లలకు చేసి చూడుమని చెప్పు పెద్దలు దొరకిరి.

న్యూమన్ తఱచుగా వెస్ట్‌పోర్టునుండి అక్కడకు వచ్చెడివాడు. గట్టుపై కూర్చుండి పిల్లలతో గాలములు వేసెడివాడు, భోజనశాలలో వారి బల్లయొద్దనే తినెడివాడు. పది పండ్రెండేండ్ల పిల్లలకు ఆయన సినిమాలు తెలియవు గనుక ఆయనను ముసలి మిత్రునిగనే చూచెడివారు. ఒకనాడు ప్రక్కన కూర్చున్న చిన్నవాడొకడు ఆయన ఎవరో తెలియక విచారింపగా, బల్లపైనున్న నిమ్మరసపు డబ్బామీది బొమ్మను చూపిరి. ఆ కాలమున అమెరికాలో తప్పిపోయిన పిల్లల చిత్రములను పాలడబ్బాలపై ముద్రించెడివారు. బాలుడు బొమ్మను, మనిషిని మార్చిమార్చి చూచి, ఈ పెద్దాయన ఇల్లు తప్పిపోయి వచ్చెనా యని జాలితో అడిగెను. జీవితమంతయు తన ముఖమును గుర్తించువారినుండి తప్పించుకొని తిరిగిన న్యూమన్ ఈ కథను నలుగురికిని చెప్పుకొని మురియుచుండెడివాడు.

వచ్చిన పిల్లలందరును మరుసటి వేసవికి తిరిగి రాలేదు. ఇది దాచదగిన సంగతి కాదు. శిబిరము వ్యాధిని మాన్పునది కాదు. ఉత్సాహముతో పోయిన పిల్లలలో కొందఱు శీతకాలము దాటకయే మరణించిరి. వారి తల్లిదండ్రులు ఆ కొన్ని దినముల ముచ్చటలను తలచుకొని శిబిరమునకు జాబులు వ్రాసెడివారు. వ్యాధి ఒక్క బిడ్డకు వచ్చినను కుటుంబమంతయు దానిచే పీడింపబడునని అక్కడివారికి త్వరలోనే తెలిసెను. జబ్బుగానున్న తమ్మునివెంట తల్లిదండ్రులు ఆసుపత్రిలో నుండగా, ఆరోగ్యముగానున్న అక్క ఇంటిలో ఒంటరియగును. తనకేమియు లోటులేదు గనుక ఏడ్చుటకును హక్కులేదని లోలోన కుములును. అట్టి అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు ప్రత్యేకముగ ఒక విడత ఏర్పఱచిరి. వసంత శరదృతువులలో వారాంతమున కుటుంబములన్నియు వచ్చి యుండునట్లు చేసిరి. అట్టి తల్లులు ఒకరితోనొకరు కూర్చుండి మాటాడుకొనుటయే గొప్ప ఉపశమనమయ్యెను.

ఆష్‌ఫర్డును చూచి ఇతరులును పూనుకొనిరి. 1993లో న్యూయార్కు రాష్ట్రమునను, 1996లో ఫ్లోరిడాలోను, 2004లో కాలిఫోర్నియాలోను అట్టి శిబిరములు వెలసెను. ఐర్లండు ప్రభుత్వము బారెట్స్‌టౌన్ కోటను ఇందుకై ఇయ్యగా, 1994లో రాతికోటలో పిల్లల నవ్వులు వినబడెను. హంగరీ, ఇటలీ మొదలగు దేశములకును ఈ పని వ్యాపించెను. అన్నిటియందును నియమ మొక్కటే, పిల్లల కుటుంబములనుండి సొమ్ము పుచ్చుకొనరాదు.

న్యూమన్ తాను పుణ్యాత్ముడనని చెప్పుకొనలేదు. అదృష్టమును గూర్చి మాత్రము చెప్పెడివాడు. తనకు అడుగడుగున అది తోడుగ వచ్చినది. కొందఱు పిల్లలకు జీవితము ఆరంభముననే ఎదురుతిరిగినది. వారికి దానిని సరిదిద్దుకొనుటకు వ్యవధియైనను ఉండకపోవచ్చును. ఈ వ్యత్యాసము ఆయనకు న్యాయముగ తోచలేదు.

చివరకు ఆయనకే క్యాన్సరు వచ్చెను. ఊపిరితిత్తులకు సోకిన ఆ వ్యాధితో 2008వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన వెస్ట్‌పోర్టులోని తన యింటియందు, ఎనుబది మూడవయేట మరణించెను. అప్పటికి పడవ తెడ్డుతో కలిపిన రసమునుండి పుట్టిన వ్యాపారము 25 కోట్ల డాలర్లకు పైగా ధర్మకార్యములకు ఇచ్చియుండెను. ఆష్‌ఫర్డు శిబిరము మరుసటి వేసవియందును తెఱవబడెను. చిన్ననాడు రోగులై అక్కడకు వచ్చి, స్వస్థులై పెరిగిన కొందఱు ఇప్పుడు వేసవి సెలవులలో తిరిగి వచ్చి, కొత్తగా వచ్చిన పిల్లలకు గుఱ్ఱపు కళ్లెము పట్టుకొనుట నేర్పుచున్నారు.